అమ్మ చేతి అక్షింతలు



శ్రావణ మాసం వచ్చిందంటే మన ఊళ్ళలో పేరంటాల సందడి మొదలవుతుంది. మంగళవారం మంగళగౌరి నోము, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. సాయంత్రమయ్యేసరికి పేరంటం ఉన్న ఇంటి ఇల్లాలో, కొత్త కోడలో కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ బయల్దేరుతుంది. "తాంబూలానికి రండి పిన్నిగారూ" అని బొట్టు పెట్టి పిలుస్తుంది. అలా వరసగా పిలుచుకుంటూ వెళ్ళే ఆ అమ్మాయి ఒక గుమ్మం దగ్గర మాత్రం ఆగదు. తల దించుకుని దాటి వెళ్ళిపోతుంది. ఆ ఇంట్లో ఉన్నావిడకు ఈ మధ్యే భర్త పోయాడు. కిందటేడు దాకా ఆవిడ రానిదే వీధిలో పేరంటం మొదలయ్యేది కాదు. మంగళహారతి పాటలు ఆవిడకు వచ్చినన్ని ఇంకెవరికీ రావు. వాయనం ఎలా ఇవ్వాలో, నోము ఎలా ఉద్యాపన చెయ్యాలో చిన్నవాళ్ళు ఆవిణ్ణే అడిగేవారు. అమ్మవారి మీద ఆవిడకున్న నమ్మకం ఇవాళా అంతే ఉంది. అయినా ఆవిడకు పిలుపు లేదు.

మతవిశ్వాసాలు, స్త్రీల సమానత్వం అన్న విషయం చాలా పెద్దది. దాన్ని నేను ఆ ఒక్క గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడదలచుకున్నాను. ఎందుకంటే మన ఇళ్ళల్లో దేవుడి పేరు చెప్పి ఆడవాళ్ళకు జరిగే అన్యాయాల్లో ఇంత నిశ్శబ్దంగా, ఇంత మర్యాదస్తుల చేతుల మీదుగా జరిగేది ఇంకొకటి లేదు.

భర్త పోయిన పదో రోజున ఏం జరుగుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళకు చెప్పాలి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని పీట మీద కూర్చోబెడతారు. పసుపు రాస్తారు, పెద్ద బొట్టు పెడతారు, తల నిండా పూలు పెడతారు, చేతుల నిండా గాజులు తొడుగుతారు. పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పుతారు. తర్వాత అవన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తారు. పూలు లాగేస్తారు, బొట్టు చెరిపేస్తారు, గాజులు పగలగొడతారు, మెట్టెలు ఊడదీస్తారు, పుస్తెలు తీసేస్తారు. చాలాచోట్ల ఈ పని చేయించేది అంతకు ముందే భర్త పోయిన ఇతర స్త్రీల చేత. తమకు జరిగినదాన్నే మళ్ళీ తమ చేతులతో ఇంకొకరికి చెయ్యాలి. ముత్తైదువలు ఆ సమయానికి అక్కడ ఉండకూడదు, ఆమె ముఖం చూడకూడదు. అప్పటిదాకా ఆమెను కావలించుకుని ఏడ్చిన సొంత చెల్లెలిని కూడా పక్క గదిలోకి పంపేస్తారు. ఆ ఒక్క గంటలో ఆమెకు అర్థమయ్యేది ఏమిటి? తన భర్త పోవడం ఒక్కటే కాదు, తను కూడా మంగళానికి పనికిరాని మనిషి అయిపోయిందని.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ పాఠం మళ్ళీ మళ్ళీ వల్లెవేయిస్తారు. ప్రయాణానికి బయల్దేరేవాళ్ళకు ఎదురు రాకూడదు. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు నలుగు పెట్టకూడదు. సీమంతంలో గాజులు తొడగకూడదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది కన్యాదానం. తండ్రి లేని పిల్లను తల్లి ఒక్కతే పెంచుతుంది. మిషను కుట్టో, అంగన్‌వాడీలో పని చేసో, పొలం కౌలుకిచ్చో చదివిస్తుంది. సంబంధం చూస్తుంది, అప్పు చేస్తుంది, కల్యాణమండపం మాట్లాడుతుంది. తీరా ముహూర్తం వేళకు పీటల మీద పెదనాన్నో, మేనమామో భార్యతో సహా కూర్చుని కాళ్ళు కడుగుతారు. తల్లి వంటవాళ్ళ దగ్గరో, మూలనున్న కుర్చీలోనో ఉంటుంది. అక్షింతలు వెయ్యడానికి కూడా జంకుతుంది. తన చేతి అక్షింతలు పడితే తన కూతురికే కీడు జరుగుతుందేమోనని భయపడుతుంది. ఆ భయాన్ని ఆమె గుండెల్లో పెట్టింది మనమే.

భార్య పోయిన మగవాడికి కూడా కొన్ని క్రతువుల్లో అర్హత లేదంటారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, అంటారు. కానీ అతని నుదుటి బొట్టు ఎవరూ చెరపరు. అతను ఎదురొస్తే ఎవరూ వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి రారు. ఏడాది తిరక్కుండానే అతనికి సంబంధాలు చూసేవాళ్ళుంటారు, పెళ్ళయితే అతని స్థానం అతనికి తిరిగి వస్తుంది. ఒకే చావు, ఒకే దుఃఖం. శిక్ష మాత్రం ఒకరికే.

"ఇది శాస్త్రం, మన విశ్వాసం, దీని జోలికి రాకండి" అనే పెద్దలకు నేను గౌరవంతోనే సమాధానం చెప్పదలచుకున్నాను. మనం నిత్యం పారాయణ చేసే గ్రంథాల నుంచే చెబుతాను.

వాల్మీకి రామాయణం యుద్ధకాండ చివర శ్రీరామ పట్టాభిషేక ఘట్టం ఉంది. పారాయణ పూర్తయిన రోజున మనం ప్రత్యేకంగా పూజ చేసుకునే శుభ ఘట్టం అది. ఆ రోజున సీతమ్మను అలంకరించింది ఎవరు? దశరథుని భార్యలు. స్వయంగా తమ చేతులతో అలంకరించారని వాల్మీకి చెప్పాడు. ఆ పక్కనే కౌసల్య ఎంతో సంతోషంతో వానరుల భార్యలందరినీ ముస్తాబు చేసిందని కూడా చెప్పాడు. దశరథుడు పోయి అప్పటికి పద్నాలుగేళ్ళు. పట్టాభిషేకం కంటే పెద్ద శుభకార్యం ఏముంటుంది? సీతమ్మ కంటే పెద్ద ముత్తైదువ ఎవరుంటారు? ఆ తల్లికి లేని అశుభం మన కూతుళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చింది?

మహాభారతంలో కుంతీదేవి సంగతి చూడండి. పాండురాజు పోయాక అయిదుగురు పిల్లలను పెంచి పెద్దచేసింది ఆమె. ధర్మరాజు తల్లి మాటను తలదాల్చినవాడే తప్ప, తల్లి ముఖం చూస్తే కార్యం చెడుతుందని అనుకున్నవాడు కాదు.

ఇంకా దగ్గరికి, మన తెలుగు నేలకు వద్దాం. వాయల్పాడు దగ్గర తరిగొండ అనే ఊరుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊళ్ళో వెంగమాంబ అనే పిల్ల చిన్నతనంలోనే పెళ్ళయి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. ఆనాటి ఆచారం ప్రకారం తల గొరిగించాలి, బొట్టు తీసెయ్యాలి. ఆమె ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడని, తనకు వైధవ్యం లేదని బొట్టుతో, కురులతో అలాగే నిలబడింది. ఊరి పెద్దలు వేధించారు, మఠాధిపతి దాకా ఫిర్యాదు వెళ్ళిందని ఆమె చరిత్రలో చెబుతారు. ఆమె తరిగొండ వదిలి తిరుమల కొండ ఎక్కింది. యోగం అభ్యసించింది. వేంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం వంటి కావ్యాలు, యక్షగానాలు రాసింది. యాత్రికులకు అన్నం పెట్టింది. ఆమె సమాధి ఇప్పటికీ కొండ మీదే ఉంది.

ఇవాళ తిరుమలలో స్వామికి రాత్రి జరిగే ఏకాంత సేవ గురించి మీకు తెలుసు. అన్నమయ్య లాలిపాట పాడతారు. ఆ సేవలో ఇచ్చే హారతికి ముత్యాల హారతి అని పేరు. అది తరిగొండ వెంగమాంబ హారతి. కొండకు వెళ్ళిన మనమంతా భోజనానికి కూర్చునే భవనానికి కూడా ఆమె పేరే పెట్టారు, మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం అని. అంటే ఏడుకొండలవాడు ప్రతి రాత్రీ నిద్రపోయే ముందు, లోకం విధవ అన్న ఒక స్త్రీ పేరు మీద హారతి అందుకుంటున్నాడు. కోట్లాది మంది ఆమె పేరున్న చోట అన్నం తిని, చేతులు కళ్ళకద్దుకుని వస్తున్నారు. దేవుడికి పట్టింపు లేదు. మన ఇంటి పెళ్ళిపందిట్లో మాత్రం పట్టింపు ఉంది. స్వామికి పనికొచ్చిన చెయ్యి మన పిల్ల నెత్తిన అక్షింతలు వెయ్యడానికి పనికిరాదా?

కాబట్టి అడ్డం వస్తున్నది భక్తి కాదు. భక్తి పేరుతో మనం మోస్తున్న భయం. ఆ భయం వెనక ఒకప్పుడు బలమైన లౌకిక కారణాలు కూడా ఉండేవి. కన్యాశుల్కం తీసుకుని పసిపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టిన రోజుల్లో ఇంటింటా బాలవితంతువులు ఉండేవారు. ఆ పిల్ల మళ్ళీ పెళ్ళి చేసుకుంటే కుటుంబం పరువు ఏమవుతుంది, ఆస్తి ఎటు పోతుంది అన్నవే పెద్దల బెంగలు. 1856లో వచ్చిన వితంతు పునర్వివాహ చట్టం కూడా, మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తిలో హక్కు వదులుకోవాలనే చెప్పింది. 1937 చట్టం భర్త ఆస్తిలో వాటా ఇచ్చినా, బతికి ఉన్నన్నాళ్ళు అనుభవించే హక్కే ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టంతో గానీ ఆ ఆస్తి పూర్తిగా ఆమె సొంతం కాలేదు. ఆమెను మూల కూర్చోబెట్టిన ఆచారం వల్ల ఎవరికి లాభం కలిగిందో ఈ చట్టాలను వరసగా చదివితే తెలిసిపోతుంది. ఇంకొక మాట. మన తెలుగు నేల మీదే ఎన్నో కులాల్లో మారుమనువు తరతరాలుగా ఉంది. పొలం పని, చేతివృత్తి చేసుకునే కుటుంబాలు దాన్ని తప్పుగా చూడలేదు. వాళ్ళూ ఈ దేవుళ్ళనే కొలిచారు. కొన్నాళ్ళకు పరువు కోసం పైవాళ్ళను చూసి కొందరు దాన్ని మానుకున్నారు. దేవుడి ఆజ్ఞే అయితే ఊరికో తీరుగా, కులానికో తీరుగా ఎందుకుంటుంది?

ఈ ప్రశ్నే వేసి, సమాధానం కోసం బతుకంతా పోరాడినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయన శాస్త్రాలను పక్కకు నెట్టి మాట్లాడలేదు. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు చేసినట్టే, పరాశర స్మృతిని చేతబట్టుకుని, స్త్రీకి మళ్ళీ పెళ్ళి శాస్త్రసమ్మతమేనని పండితులతో వాదించారు. 1881 డిసెంబరు 11 రాత్రి రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరంతా వ్యతిరేకం. విద్యార్థులు చుట్టూ కాపలా నిలబడ్డారు. ఆ తర్వాత వెలి మొదలైంది. పెళ్ళికి వచ్చినవాళ్ళలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, అందరికీ వండి పెట్టారు.

1856లో చట్టం వచ్చింది. రాజమహేంద్రవరంలో పెళ్ళి పందిరి పడటానికి 25 ఏళ్ళు పట్టింది. ఈ మధ్యకాలమంతా చట్టం పుస్తకంలోనే ఉంది. దాన్ని బతికించింది ఒక ఇల్లాలు మోసిన నీళ్ళ బిందె. అందుకే చట్టాలు వచ్చాయి కదా, ఇంకేం కావాలి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చట్టం హక్కు ఇస్తుంది, పేరంటానికి పిలవదు. ఆ పిలుపు పక్కింటివాళ్ళే పిలవాలి.

పిలిచినవాళ్ళు ఉన్నారు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా, శిరోళ్ తాలూకాలో హెర్వాడ్ అనే పల్లెటూరు ఉంది. 2022 మే 4న ఆ ఊరి గ్రామసభ ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మంగళసూత్రం తెంచడం, మెట్టెలు తీయడం తమ ఊళ్ళో ఇక ఉండవని. కరోనాలో ఎన్నో ఇళ్ళు చిన్నవయసులోనే మగదిక్కు కోల్పోయిన రోజులవి. అదే నెలలో మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఆ ఊరిని ఆదర్శంగా తీసుకోవాలని ఉత్తర్వు పంపింది. ఆ ఊరివాళ్ళు నాస్తికులు కారు. దేవుడు ఇలాంటిది కోరడని నమ్మినవాళ్ళు. మరుసటి ఏడు, 2023 ఆగస్టులో, తమిళనాడు ఈరోడ్ జిల్లాలో ఒక గుడి ఉత్సవానికి భర్త పోయిన స్త్రీని రానివ్వబోమని కొందరు అడ్డుపడితే, ఆమె మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. ఆ గుడిలో పూజారిగా చేసినవాడు ఆమె భర్తే. స్త్రీకి తనకంటూ ఒక అస్తిత్వం ఉందని, భర్త ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి దాన్ని తగ్గించకూడదని కోర్టు గట్టిగా చెప్పింది.

ఇదంతా ఒక్క హిందూ మతం సంగతే అనుకోకండి. ముహమ్మద్ ప్రవక్త మొదటి భార్య ఖదీజా వితంతువు, స్వయంగా వ్యాపారం నడిపిన స్త్రీ. వితంతువు పెళ్ళిని ఇస్లాం మొదటి నుంచీ గౌరవించింది. అదే సమాజంలో ఒక్క గుక్కలో మూడుసార్లు తలాక్ చెప్పి భార్యను వీధిలో నిలబెట్టే ఆచారం పాతుకుపోయింది. షయారా బానో అనే మహిళ సుప్రీంకోర్టుకు వెళితే 2017 ఆగస్టు 22న ఆ ఆచారం చెల్లదని తీర్పు వచ్చింది. అది ఖురాన్ బోధకే విరుద్ధమని న్యాయమూర్తుల్లో ఒకరు రాశారు. కేరళలో సిరియన్ క్రైస్తవ కుటుంబాల్లో 1916 నాటి తిరువాన్కూరు చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే, కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ దీని మీద పోరాడి 1986లో సుప్రీంకోర్టులో గెలిచారు. మన నంద్యాలలో 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. అన్ని మతాల్లోనూ జరిగింది ఇదే. ప్రశ్నించిన స్త్రీలు విశ్వాసం వదులుకోలేదు. ఆ విశ్వాసంలోనే తమకు రావలసిన చోటు అడిగారు.

మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ మతస్వేచ్ఛ ఇచ్చింది. అదే అధికరణం, ఆ స్వేచ్ఛ మిగతా ప్రాథమిక హక్కులకు లోబడి ఉంటుందని మొదటి వాక్యంలోనే చెప్పింది. మతస్వేచ్ఛ అంటే మగవాళ్ళ మతస్వేచ్ఛ మాత్రమే కాదు. అమ్మవారికి కుంకుమ పూజ చేసుకోవాలనుకునే, పేరంటానికి పిలుపు లేని ఆ ఇంటి అమ్మకు కూడా మతస్వేచ్ఛ ఉంది. దాన్ని ఆమెకు కాకుండా చేస్తున్నది ప్రభుత్వం కాదు, మనమే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. భర్త పోయిన దుఃఖంలో ఒక స్త్రీ తనంతట తాను పూలు మానుకోవచ్చు. బొట్టు పెట్టుకోబుద్ధి కాకపోవచ్చు. అది ఆమె మనసుకు సంబంధించినది. పెట్టుకోమని కూడా ఎవరూ బలవంతపెట్టకూడదు. నేను అడిగేది ఒక్కటే. పెట్టుకోవాలో, మానాలో ఆమె చెప్పాలి. పదో రోజున చుట్టూ చేరిన బంధువులు చెప్పకూడదు.

శ్రోతలారా, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెబుతాను.

కొడుకులారా, మీ నాన్న పోయిన ఇంట్లో పదో రోజున మీ అమ్మ చేతి గాజులు పగలగొట్టనివ్వబోమని పెద్దలకు మీరే చెప్పండి. ఆ రోజున అమ్మకు నోరు రాదు. మీరు మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడరు. పురోహితులుగారూ, మీ మాటకు ఇవాళ్టికీ విలువ ఉంది. తల్లి చేత కన్యాదానం చేయించే ధైర్యం మీరు చేస్తే ఊరు మెల్లగా మీ వెంట వస్తుంది. కౌసల్య కథ వాళ్ళకు చెప్పండి. పెళ్ళికూతురా, నిన్ను పెంచిన అమ్మ నలుగు పెట్టందే పీట మీద కూర్చోనని చెప్పు. నీ మాట ఆ రోజున ఎవరూ కాదనలేరు.

అందరికంటే ఎక్కువగా ముత్తైదువలకు నా విన్నపం. పేరంటం మీది. వాయనం మీ చేతుల్లోది. మగవాళ్ళు రాసిన చట్టమేదీ మిమ్మల్ని అక్కడ ఆపడం లేదు. ఈసారి భరిణె పట్టుకుని బయల్దేరినప్పుడు వీధిలో ఏ గుమ్మాన్నీ దాటకండి. లోపలికి వెళ్ళండి. అక్కయ్యనో, అత్తయ్యనో, బామ్మనో నోరారా పిలవండి. బొట్టు పెట్టుకోవాలని ఉంటే పెట్టండి. వద్దంటే తాంబూలం ఇచ్చి, కాళ్ళకు నమస్కరించి, దీవెన తీసుకుని రండి. మీ పిల్లలకు ఆవిడ చేత అక్షింతలు వేయించండి. కీడు జరగదు. పిల్లలను కని, పెంచి, ఒంటరిగా నిలబెట్టిన తల్లి నోటి దీవెన వల్ల కీడు జరుగుతుందని ఏ దేవుడూ చెప్పలేదు.

ఒక ఇంట్లో ఒకసారి జరిగితే రెండోసారి ఎవరూ ఆశ్చర్యపోరు. మూడో ఏటికి అదే ఆచారమవుతుంది. ఆచారాలన్నీ అలాగే పుట్టాయి, అలాగే మారాయి. ఈ ఆచారాన్ని మార్చే పని మీ ఇంటి నుంచే మొదలుపెట్టమని మిమ్మల్ని చేతులెత్తి వేడుకుంటున్నాను.